అడిగితే ఒగ్గే జిగురు

కెటిల్ మూతి నుంచి వస్తున్న ఆవిరి గిటారు మెడ మొదట్లో తగలగానే తడిసిన తోలు వాసన గుప్పుమంది. ఆ వాసన నా ముక్కుకి తగిలి ఇరవై ఏళ్లు దాటింది. వంటింటి గట్టు మీద చేతులు ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయాను. ఈ మధ్య అయినదానికీ కానిదానికీ ఇలా నిలబడిపోతున్నాను, మోకాళ్ల వల్ల కొంత, అలసట వల్ల ఇంకొంత. అది సరేసు వాసన. పశువుల తోళ్లు ఉడకబెట్టి తీసే జిగురు. ఈ గిటారుకి దాన్ని పూసినవాడు సుక్రు మేస్త్రి. అరకులోయలో సంతకి వెళ్లే దారిలో రేకుల షెడ్డు కింద తలుపులు, చర్చి బెంచీలు, శవపెట్టెలు చేసేవాడు. మూడింటికీ ఒకే శ్రద్ధ పెట్టేవాడు, వాటి కోసం వచ్చిన అందరితోనూ ఒకే విసుగుతో మాట్లాడేవాడు.

గిటారు మా అన్నది. తొంభైల్లో విశాఖపట్నంలో పాతది కొనుక్కొచ్చి, ఒక చిన్న స్పీకరు పెట్టెకి తగిలించి, మా చర్చిలో ప్రతి ఆదివారం వాయించేవాడు. ఒక వానాకాలం మలేరియా తలకెక్కి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ తర్వాత వాయించడం నా వంతయింది. నేను ఆశ్రమ పాఠశాలలో టీచర్ని, పెళ్లి చేసుకోలేదు, పిల్లల్ని బెంచీ ఎక్కించడంలో పేరుపడ్డదాన్ని. ఆ గిటారుకి మెడ వేరు, ఒళ్లులాంటి కర్ర దిమ్మ వేరు. వెనక నుంచి నాలుగు మరమేకులు బిగించి రెండింటినీ కలిపారు. మా మంచుకీ వానకీ కర్ర ఉబ్బుతూ ముడుచుకుంటూ మెడ కదిలేది, పాట మధ్యలో శ్రుతి జారిపోయేది. నేను వారం వారం స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇంకో చుట్టు బిగించేదాన్ని. మరొకరిని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. ఒక డిసెంబరు మొదట్లో అలా బిగిస్తుంటే మేకు ఉత్తినే గిర్రున తిరిగింది. తక్కిన మూడూ అంతే. మెడ ఊడి చేతిలోకి వచ్చింది. అన్న రెండోసారి పోయినట్టయింది నాకు.

రెండు ముక్కల్నీ దుప్పట్లో చుట్టి మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. కన్నాల్లోంచి రాలిన పొట్టుని ఆయన అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఏటి సేసినావు టీచరమ్మా దీన్ని?"

"బిగించాను."

"బిగించగా బిగించగా కర్ర సచ్చిపోనాది. ఇంక మేకు పట్టదు. మేకులు ఒగ్గీసి జిగురెట్టీడమే. మెడా దిమ్మా ఒకటే కర్రయిపోవాల."

ఒగ్గడమంటే మా వైపు వదలడం. ఆ మాట ఆయన నోట్లో రోజుకి వందసార్లు ఆడేది. ఒకసారి అతికాక మళ్లీ విప్పడం ఉండదేమోనని నాకు భయం. బడి నుంచి వచ్చాక రోజూ వెళ్లి ఎదురుగా కూర్చునేదాన్ని. పనసకర్ర చెక్కి ఆ నాలుగు కన్నాలూ పూడ్చాడు. మెడ కూర్చునే గాడిలో రంగంతా గోకి తీసేశాడు. రంగుకి అతికితే రంగుతోనే ఊడొస్తుందట. గాడి కాస్త వదులుగా ఉంటే కాగితమంత పల్చని చెక్క పొర పెట్టాడు. మెడ చివరి నుంచి దిమ్మ అడుగుదాకా దారం లాగి, తీగల దారి నడిమధ్యన ఉందో లేదో చూసేవాడు. జిగురు లేకుండానే పెట్టడం, తీయడం, గోకడం, మళ్లీ పెట్టడం. మూడు రోజులు ఇదే పని. క్రిస్మస్ దగ్గరపడుతోంది, నాలో ఓపిక అడుగంటుతోంది.

ఒక సెలవు రోజు పొద్దున్నే వెళ్లి ఆయన నెత్తిన కూర్చున్నాను. షెడ్డు ముందు మంచు ఇంకా విడలేదు.

"ఎండ రానీ టీచరమ్మా. సలికి సరేసు గడ్డకట్టీద్ది."

"మీకు అన్నీ వంకలే మేస్త్రిగారూ. బేగి కానివ్వండి, కొయిర్‌లో పాడేవాళ్లంతా నా కోసమే చూస్తున్నారు."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, జిగురు డబ్బా వేడినీళ్లలోంచి తీశాడు. కుంచెతో పూసి మెడ పెట్టేలోపే అది పెరుగులా బిగుసుకుంది, అయినా తాడుతో కట్లు కట్టి ఉంచాడు. మర్నాడు కట్లు విప్పి దారం లాగితే, మెడ ఒక బియ్యపుగింజంత పక్కకి పోయి ఉంది. కొత్త బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. మా అన్న వస్తువుని నా చేతులారా పాడుచేసుకున్నానన్నాను. ఆయన లేచి పొయ్యి మీద కెటిల్ పెట్టాడు.

"సరేసెట్టినాను గదా, ఏడుపెందుకు? ఆవిరెడితే ఒగ్గీద్ది."

ఆవిరికి అతుకు మెత్తబడింది. పల్చటి చాకు దూర్చి నెమ్మదిగా కదిపితే, ఒక్క పీచు లేవకుండా మెడ విడివడింది.

"ఇంత సులువుగా ఊడేదయితే రేపు వాయిస్తుంటే ఊడదా?" అన్నాను.

"ఊడదు. లాగితే ఒగ్గదు, గుద్దితే ఒగ్గదు. ఏడీ తడీ ఎట్టి అడగాల. అడిగితే ఒగ్గుద్ది. నాను తప్పు సెయ్యనా? నా ఎనకొచ్చినోడు దాన్ని ఇప్పుకోవద్దా?"

వేడి గుడ్డతో పాత జిగురంతా తుడిచి, రెండు కర్రల్నీ మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టి, అప్పుడు అతికించాడు. వారం రోజులు కట్లు ముట్టుకోవద్దన్నాడు. క్రిస్మస్ పాటలు గిటారు లేకుండానే అయిపోయాయి. నా కోసమే చూస్తున్నారనుకున్న కొయిర్ నేను లేకుండా చక్కగానే పాడింది. కొత్త సంవత్సరం ఆరాధనలో వాయించాను. ఒక్క తీగా జారలేదు.

బెంచీ ఎక్కించడం ఆ తర్వాత ఒక్కరోజులో మానేశానని చెబితే అబద్ధం. కానీ పిల్లల మీద చెయ్యి లేచినప్పుడల్లా మేస్త్రి అరచేతిలోని ఆ కర్ర పొట్టు గుర్తొచ్చేది. సుక్రు మేస్త్రి రెండువేల తర్వాత ఎప్పుడో, నేను జి.మాడుగుల బదిలీ మీద ఉన్నప్పుడు పోయాడు. కబురు నెలకి గానీ తెలియలేదు. ఆయన శవపెట్టె ఎవరు చేశారో నేను అడగలేదు.

ఈ ఏడు మంచుకి అతుకు ఒక పక్క లేచింది. వేళ్లు నొప్పులొచ్చి నేను వాయించడం మానేసి మూడేళ్లయింది. మా చర్చిలో కొత్తగా చేరిన నర్సమ్మాయి వాయిస్తుందట. "ఆ గిటారు నాకిస్తారా టీచర్?" అని నాలుగు వారాల కిందట అడిగింది. బాగాలేదమ్మా అని తప్పించుకున్నాను. బాగాలేనిది గిటారు ఒక్కటే కాదని, దాన్ని ఇవ్వలేని నేను కూడానని ఆ అమ్మాయికి తెలుసని కూడా నాకు తెలుసు.

చాకు దూర్చి నెమ్మదిగా కదిపాను. మెడ వచ్చేసింది, ఒక్క పీచు లేవకుండా. అడుగున ఆ నాలుగు పనసకర్ర బిళ్లలు, నేను చంపిన కర్రలో ఆయన బతికించిన చోట్లు, నల్లబడి అలాగే ఉన్నాయి. కూర్చుని ఏడ్చాను, ఈసారి కంగారుగా కాదు. గాడి తుడిచి రెండు ముక్కల్నీ ఎండ వచ్చే కిటికీలో పెట్టాను. సరేసు వేడినీళ్లలో కరుగుతోంది. వారం ఆగి, కట్లు విప్పాక వచ్చి పట్టుకెళ్లమని ఆ అమ్మాయికి కబురు పంపాను. పాపం, మెత్తగానే అడిగింది.