తాళం వేసిన పక్కిల్లు

ఆ రోజుల్లో నెలలు నిండిన ఆడపిల్ల దేనికి భయపడినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పిల్లి అడ్డొస్తే భయం, గ్రహణమంటే భయం, డాక్టరమ్మ నవ్వితే ఎందుకు నవ్విందోనని భయం, నవ్వకపోతే మరీ భయం. (ఇప్పటి పిల్లలు ఫోనులో చదివి భయపడుతున్నారు. మేం ఎవరి సాయమూ లేకుండా సొంతంగా భయాలు తయారు చేసుకునేవాళ్ళం.) ఆ విద్యలో నేను అందరికంటే రెండాకులు ఎక్కువే చదివాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాకు క్వార్టరు దొరికేనాటికి నాకు ఏడో నెల. సెల్‌ఫోన్లు ఆఫీసర్ల జేబుల్లోకి వచ్చాయిగానీ మా క్వార్టర్ల లైనులోకి ఇంకా రాలేదు. మా ఆయన గూడ్సు బళ్ళ మీద అసిస్టెంటు డ్రైవరు. ఇంట్లోంచి వెళ్ళడం తెలిసేది, రావడం మాత్రం దేవుడికీ కంట్రోలు ఆఫీసుకీ తప్ప ఎవరికీ తెలిసేది కాదు. నాకు అమ్మ లేదు. అంతకు ముందు ఏడాది ఒకసారి కడుపు నిలిచి మూడో నెలలోనే పోయింది. గుంటూరు దాకా రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని, తెలియని ఊళ్ళో, తెలియని మనుషుల మధ్య ఈ బిడ్డయినా నా చేతికి దక్కుతుందా అన్నది ఒక్కటే నాకు ఇరవైనాలుగు గంటల ఆలోచన.

తెలియని మనుషులన్నానుగానీ వాళ్ళు వారం కూడా తెలియని మనుషులుగా ఉండలేదు. కుడిపక్క క్వార్టరులో పెద్దక్క ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాతగారే రైల్వేలోకి వచ్చారట. లైనులో ఏ ఇంట్లో పురుడొచ్చినా పెత్తనం ఆవిడదే. ఎదురుగా అచ్ఛా వదిన. ఆవిడ బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది, సంతోషమైనా చావుకబురైనా ముందు “అచ్ఛా” అని, ఆ తర్వాతే మిగతా మాట. నేను దిగిన మర్నాడే పెద్దక్క పప్పుగుత్తి పట్టుకొచ్చి మా ఇద్దరి ఉమ్మడి గోడ మీద కొట్టి చూపించింది. “ఒకటి కొడితే టీకి రమ్మని. రెండు కొడితే పాలోడొచ్చినాడని. మూడు కొట్టినావనుకో, నాను పొయ్యి మీద ఏటున్నా ఆర్పీసి పరిగెత్తుకొచ్చీస్తాను. తెలిసిందా?” మగవాళ్ళు లైను మీదకెళ్ళిపోయే ఇళ్ళల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటు. మా ఆయన విని, సిగ్నలింగు సంతృప్తికరంగా ఉందని మెచ్చుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఎడమపక్క గోడ సంగతి నేనడిగాను. పెద్దక్క పప్పుగుత్తి కొంగుతో తుడుస్తూ, “అది కాళీ ఇల్లు. అటు కొట్టకు” అంది. నిజంగానే ఆ క్వార్టరు ముందు తలుపుకు తుప్పుపట్టిన తాళం వేలాడుతోంది. మెట్ల మీద ఎండుటాకులు పేరుకుని ఉన్నాయి.

వేసవి ముదిరింది. బిలాస్‌పూర్ మధ్యాహ్నాలు చూడనివాళ్ళకు చెప్పినా నమ్మరు. పదకొండు దాటితే వీధిలో కుక్క కూడా కనబడదు. ప్రతి కిటికీకీ ఒక కూలరు, ప్రతి కూలరుకూ ఒక హోరు, ఆ హోరులో మనుషులున్నారో లేరో తెలియదు. ఒకరోజు కరెంటు పోయింది. లైను మొత్తం కూలర్లు ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, ఎడమపక్క ఖాళీ ఇంట్లో, గాజుల చప్పుడయింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఎవరో గిన్నె కింద పెట్టారు. అప్పుడు నాకు దగ్గొచ్చింది. నేను దగ్గగానే అటువైపు అన్ని చప్పుళ్ళూ ఆగిపోయాయి. నేను వింటున్నట్టే అవతల కూడా ఎవరో నన్ను వింటున్నారని నాకు తెలిసిపోయింది. కరెంటొచ్చి కూలర్లు మళ్ళీ హోరెత్తాయిగానీ, ఆ వేడిలో కూడా నా అరికాళ్ళు చల్లగానే ఉన్నాయి.

సాయంత్రం పెద్దక్కకు చెప్పాను. ఆవిడ అచ్ఛా వదిన వైపు చూసింది. అచ్ఛా వదిన గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. “ఎలకలే” అంది పెద్దక్క. “అచ్ఛా, చూహే హోంగే. ఇక్కడ చాలా పెద్దవి ఉంటాయి” అంది వదిన. ఎలుకలు గాజులు తొడుక్కోవడం మా గుంటూరులో చూడలేదన్నాను. ఎవరూ నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. రెండు రోజుల తర్వాత కరెంటు పోయిన వేళకే ఆ ఇంట్లోంచి ఆవాల పోపు వాసన వచ్చింది. ఆ మర్నాడు దాని వెనక తూములోంచి పసుపు నీళ్ళు నెమ్మదిగా మా పెరటి కాలవలోకి పారుతూ వచ్చాయి. మా ఆయన ఇంటికొస్తే చూపిద్దామనుకునేసరికి ఎండకు కాలవ ఎండిపోయింది. ఆయన కూడా నా మొహం చూడకుండా, “ఎలకలయ్యుంటాయి” అన్నాడు. పసుపు కడుక్కునే ఎలుకలా అని అరిచాను. రక్తపోటు పెరుగుతుంది అరవకు అన్నాడు. ఆ ఇంట్లో ఎవరో పోయారని, అది నాకు తెలియకుండా ఊరంతా ఒక్కటై దాస్తున్నారని తీర్మానించుకున్నాను. పోయింది తప్పకుండా బాలింతే అయి ఉంటుందని కూడా నేనే నిర్ణయించాను. ఆవిడ నా బిడ్డ కోసం కాచుకుని ఉందని అనుకోవడానికి ఇంక ఎంతసేపు కావాలి? దిండు కింద చాకు పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆ చాకు మీద నేనే పడతానేమోనని భయం వేసి తీసి, మంచం కిందకు నెట్టాను.

అసలు నన్ను నేను క్షమించుకోలేనిది మామిడికాయల సంగతి. ఒక మధ్యాహ్నం పెరట్లో కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసి, లోపలి బిడ్డతో, “ఒరేయ్, పుల్లమామిడికాయ తినాలనుందిరా, మీ నాన్నేమో ఏ స్టేషనులో నిలబడ్డాడో” అన్నాను, కాస్త గట్టిగానే. మర్నాడు పొద్దున ఎడమపక్క పెరటి గోడ మీద, ఆకులో చుట్టి, మూడు కాయలున్నాయి. తొడిమల దగ్గర సొన ఇంకా ఆరలేదు. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. దెయ్యం పెట్టిన తిండి తినకూడదని ఎవరూ చెప్పకపోయినా తెలుస్తుంది. నాకూ తెలుసు. అరగంట సేపు వాటి చుట్టూ తిరిగి, ఆంజనేయస్వామిని తలుచుకుని, ఉప్పూ కారం అద్దుకుని మూడూ తినేశాను. (పళ్ళు పులిశాయిగానీ అంత రుచైన కాయ మళ్ళీ తినలేదు.) ఆ తర్వాత నాలుగైదుసార్లు నేను ఏది తినాలని పైకి అన్నా అది గోడ మీద ప్రత్యక్షమయ్యేది. భయపడుతూనే అనేదాన్ని, భయపడుతూనే తినేదాన్ని.

డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా పది రోజులుంది. ఆ రోజు ఊళ్ళో కుదుదండ్ పేటలో మా లైనువాళ్ళకు బాగా కావలసినవాళ్ళింట్లో పెళ్ళి. నేను బాగానే ఉన్నానని నేనే పంపించాను. “గంటలో భోజనం సేసీసి వొచ్చీస్తాం. బయటికి రాకే” అని పెద్దక్క వెళ్ళింది, “టెన్షన్ మత్ లేనా” అంటూ అచ్ఛా వదిన వెళ్ళింది. మా ఆయన బండి అప్పటికి కటనీ లైనులో కర్గీ రోడ్ దగ్గర ఎక్కడో లూపులో, అంటే పక్కపట్టాల మీద, నిలబడి ఉంది. ఒంటి గంటకు కరెంటు పోయింది. నీళ్ళు తాగుదామని లేచాను. కాళ్ళ మధ్య నుంచి వెచ్చగా నీళ్ళు జారి గచ్చు తడిసిపోయింది. అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది, ఆ తర్వాత నడుములో నొప్పి మొదలైంది. పప్పుగుత్తి తీసుకుని కుడిగోడ మీద మూడు కొట్టాను. పెళ్ళికెళ్ళారని తెలిసి కూడా మళ్ళీ మూడు కొట్టాను, మళ్ళీ కొట్టాను. అప్పుడు, నా వెనక, ఎడమగోడ మీద, అవతలి నుంచి ఎవరో నెమ్మదిగా కొట్టారు. ఒకటి, రెండు, మూడు.

పప్పుగుత్తి చేతిలోంచి జారిపోయింది. కాసేపటికి మా పెరటి తలుపు గొళ్ళెం కదిలింది.

“తలుపు తియ్యమ్మా” అంది ఒక ఆడగొంతు, చాలా మెల్లగా.

“ఎవరు?”

“పక్కింటిదాన్ని.”

“పక్కింట్లో ఎవరూ లేరు!”

“ఉన్నాను.”

“ఎప్పట్నుంచి?”

అవతల కాస్త ఆలోచించినట్టుంది. “పదకొండేళ్ళయ్యిందమ్మా.”

అంటే పోయి పదకొండేళ్ళయిందన్నమాట అనుకున్నాను. కానీ అంతలో రెండో నొప్పి వచ్చింది. దెయ్యమైనా సరే, రెండు చేతులున్న దెయ్యమైతే చాలనిపించింది. తలుపు తీశాను. ఎండలో ఒక సన్నటి మనిషి, వెలిసిపోయిన నేతచీర, ముఖం మీదకు లాక్కున్న కొంగు. నేను గభాలున వంగి (వంగగలిగినంత) ఆవిడ పాదాలు చూశాను, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని.

“కాళ్ళేటి సూస్తన్నావు? తిన్నగానే ఉన్నాయిలే” అంది. “పెద్దక్కోళ్ళు వొచ్చీదాకా ఆగితే ఆలస్యమైపోద్దని వొచ్చినాను. నా మొకం సూడకు. నొప్పి ఎన్ని నిమిషాలకొస్తన్నాది?”

ముఖం చూడొద్దన్నది ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఆవిడ సందు చివర నుంచి సైకిల్ రిక్షా తెచ్చింది. నన్ను ఎక్కించి తాను మాత్రం ఎక్కనంది. ఆ ఎండలో పక్కన పరుగులాంటి నడక నడుస్తూ వచ్చింది. ఒకసారి నొప్పి తట్టుకోలేక నేను ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాను. రిక్షావాడు కూడా హిందీలో తిట్టాడు, బండి ఒరిగిపోతోంది ఎక్కితే ఎక్కు లేకపోతే వదులు అని. అప్పుడు ఎక్కి, సీటు చివర ఎంత తక్కువ చోటు సరిపోతుందో అంత చోటులో కూర్చుంది. దారిలో మాటల్లో మాటగా సంగతంతా బయటపడింది. ఆవిడకు ముగ్గురు పుట్టి ముగ్గురూ పురిట్లోనే పోయారు. భర్త గతౌరా స్టేషనులో బళ్ళకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, వారానికోసారి వెనక సందులోంచి వచ్చి వెళ్ళేవాడు. నాకు ముందొకసారి పోయిందని మా ఆయన వల్ల విని, ఈసారైనా నిలవాలని, తన ముఖం నాకు ఎదురు కాకూడదని ఆవిడే అనుకుంది. మేం దిగకముందే ముందు తలుపుకు పాత తాళం ఒకటి వేయించుకుని రెండు నెలలు వెనక నుంచే తిరిగింది. పెద్దక్క మొదట వద్దన్నదట, తర్వాత ఒప్పుకుందట. మా ఆయనకూ తెలుసట. మరి గోడ మీద మామిడికాయలో అన్నాను. “నోరూరుతాదని నువ్వే కదమ్మా అన్నావు. ఇనపడితే ఇవ్వకుండా ఎలగుంటాను?” అంది.

ఆసుపత్రిలో రాసుకునే అమ్మాయి, “రిష్తా క్యా హై?”, నాకేమవుతావని అడిగింది. ఆవిడ “పడోసన్”, పక్కింటిదాన్ని అంది. సంతకానికి ఇంటివాళ్ళు కావాలంది ఆ అమ్మాయి. నేను నొప్పి మధ్యలో, “దీదీ హై మేరీ, సొంత అక్క!” అని రెండు భాషల్లో కలిపి అరిచాను. అరిస్తే ఏ పనైనా అవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. రెండు గంటల తర్వాత ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తలుపు సందులోంచి నాకు వసారా కనబడుతోంది. నర్సమ్మ పిల్లను గుడ్డలో చుట్టి బయటికి తీసుకెళ్ళి, “లీజియే” అని చేతులు చాపింది. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. తల అడ్డంగా ఊపుతూ వెనక్కి వెనక్కి, గోడకు ఆనుకునేదాకా నడిచింది. “నానెత్తుకోకూడదమ్మా. ఎవులైనా వొచ్చీదాకా మీకాడే ఉంచండి.” నర్సమ్మకు తెలుగు రాదు, తీరికా లేదు. “పకడియే జీ, మేరే పాస్ ఔర్ భీ కామ్ హై!” అని, తనకింకా పనులున్నాయని కసిరి, ఆవిడ భుజం పట్టుకుని ముందుకు లాగి, పిల్లను చేతుల్లోకి తోసి వెళ్ళిపోయింది.

పెద్దక్కా, అచ్ఛా వదినా ఇంట్లో నేను లేకపోవడం చూసి, పెళ్ళి చీరల్లోనే ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చారు. వసారాలో బల్ల మీద ఆవిడ పిల్లను పట్టుకుని కొయ్యబొమ్మలా కూర్చుని ఉంది. ముఖం మీద కొంగు జారిపోయింది, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఇద్దరూ ఆగిపోయారు. అచ్ఛా వదిన “అచ్ఛా” అనడం కూడా మరచిపోయింది. పెద్దక్క ఇప్పుడేమంటుందోనని నేను మంచం మీద నుంచి లేవబోయాను. “ఏటే అలగ పట్టుకున్నావు? మెడ కింద సెయ్యెట్టు. ఆఁ, అలగ” అని, పెద్దక్క వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

ఆ పిల్లకు ఇప్పుడు ఇరవై దాటాయి. తెలుగు చదవడం అంతంత మాత్రం, కథలు మాత్రం నా నోటి నుంచే వినాలంటుంది. దెయ్యం గాజులూ, దెయ్యం మామిడికాయలూ, వంగి కాళ్ళు చూడడమూ, అన్నీ అభినయించి మరీ చెబుతాను, ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుతాం. ఆ ఇరవై మూడేళ్ళ పిరికిదాన్ని తలుచుకుంటే నాకూ ముద్దొస్తుంది. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకున్న చోటు వచ్చేసరికి మాత్రం నా అభినయం ఆగిపోతుంది. “ఆగిపోయావేంటమ్మా, తర్వాత?” అంటుంది. “తర్వాతేముంది, నిన్ను ఎత్తుకుంది” అంటాను.