మిద్దె కింద కుళ్ళాయమ్మ

ఇంటికి సున్నం వేసేవాళ్ళు ఈ ఉదయం వెదురు నిచ్చెనను ఈడ్చుకొచ్చి గోడకు ఆనించారు. దాని కాళ్ళు బండల మీద గీసుకుపోయిన చప్పుడుకు తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాను. ఇన్నేళ్ళయినా అంతే. ఆ చప్పుడు వింటే కుళ్ళాయమ్మ గుర్తొస్తుంది, నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎనభైల మొదట్లో నేనొక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. విదేశాల నుంచి వచ్చే సాయంతో నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళ సంఘాలు పెట్టించడం నా పని. వరసగా వానలు తప్పి వేరుశనగ చేలు ఎండిపోయిన రోజులవి. సంఘంలో ఉన్నవాళ్ళకు తలా రెండు మేకలు ఇస్తామన్నాం. ఒకటే షరతు. వారం వారం మీటింగుకు రావాలి, వరసగా నాలుగు వారాలు రాకపోతే పేరు తీసేస్తాం. ఆ షరతు రాసింది నేనే. ఎంత గట్టిగా రాశానో అని మురిసిపోయాను కూడా.

ఒక పల్లెలో మీటింగు మిద్దె మీద జరిగేది. వీధిలో కూర్చుంటే మగవాళ్ళు చుట్టూ చేరి ఎగతాళి చేసేవాళ్ళు మరి. పొద్దు వాలే వేళకు నిచ్చెనెక్కి పైకి చేరితే చల్లగాలి. ఆడవాళ్ళు భయం లేకుండా నోరు విప్పేవాళ్ళు. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. హాజరు పిలిచేటప్పుడు కుళ్ళాయమ్మ అనే పేరు దగ్గర పైనెవరూ పలికేవాళ్ళు కాదు. ఆ పేరు రాయించింది ఆమె వదిన. మనిషిని నేనెప్పుడూ చూడలేదు. రాలేదని రాసుకుని ముందుకు పోయేదాన్ని. సరిగ్గా అప్పుడే కింద సందులోంచి ఎవరో ఏదో అనేవాళ్ళు. ఒకరోజు చిరాకేసి, తొంగి చూడనైనా చూడకుండా, "కిందెవరది? కాసేపు గమ్మునుండండి" అని అరిచాను. పైనున్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎందుకని నేను అడగలేదు.

మేకలు పంచే రోజు బడి ముందర ఊరంతా చేరింది. సాయం చేసిన దేశం నుంచి ఒకాయన మెడలో కెమెరా వేసుకుని వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. అక్కడ ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పంపకం అయిపోయాక, జనం కాళ్ళ మధ్య నుంచి ఒక ఆడమనిషి నేల మీద దేకుతూ వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయట. అరచేతులకు టైరు ముక్కలు కట్టుకుంది. తాను కుళ్ళాయమ్మనని, తన పేరెందుకు చదవలేదని అడిగింది. మీటింగులకు రాలేదు కాబట్టి తీసేశామన్నాను.

"యాలమ్మా అట్లంటావు? వారం వారం నిచ్చెన కాడనే కూచోనుంటిని. నువ్వు పేరు పిలిచినప్పుడంతా ఉండానని చెప్తానే ఉంటిని. గమ్మునుండమని నువ్వే అంటివి."

నిచ్చెన ఎక్కేటప్పుడు గానీ దిగేటప్పుడు గానీ కింద కూర్చున్నవాళ్ళ వైపు నేనెప్పుడూ చూసినదాన్ని కాదు. ఆమె ఆగలేదు. బోరింగు ఎక్కడ వేయించాలన్న గొడవ, మేకలకు సూది మందు సంగతి, ఏ వారం ఎవరేమన్నారో వరసగా చెప్పుకుపోయింది. నా మాటలు నాకే అప్పజెప్పింది. ఆమె ఏమంటోందని కెమెరా ఆయన నన్నడిగాడు. ఎలా వచ్చిందో నా నోటికి ఆ మాట, ఇప్పటికీ నమ్మలేను. మీకు కృతజ్ఞతలు చెబుతోంది అన్నాను.

ఆయన పొంగిపోయి, నేల మీద మోకరిల్లి, ఆమెకు రెండు చేతులూ జోడించాడు. ఫోటో కూడా తీసుకున్నాడు. కుళ్ళాయమ్మ అతన్ని చూసి, నన్ను చూసింది.

"నేను దండం పెట్టనే లేదు గదమ్మా. ఆయప్ప యాల పెడతాండాడు?"

అంతమందిలో నాకు ఏడుపొచ్చేసింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఆయనకు నిజం చెప్పాను. ఆయన లేచి కెమెరాకు మూత పెట్టేశాడు. మేకలు అప్పటికే ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాం, ఒక్కటీ మిగల్లేదు. నేను కొనిస్తానంటే కుళ్ళాయమ్మ వద్దంది, సంఘం ఇచ్చే మేకలే కావాలంది.

"అవి తర్వాత చూద్దాంలే. రాలేదని రాసినావే ఆ పుస్తకంలో, ముందు అది కొట్టెయ్."

అక్కడే కింద కూర్చుని హాజరు పుస్తకం తెరిచాను. మొదటి వారం నుంచీ ఒక్కొక్క వారానికీ ఆమె పేరు మళ్ళీ పిలిచాను. పిలిచిన ప్రతిసారీ "ఉండాను" అంది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మిద్దె మీద నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మేకలు మరుసటి విడతలో వచ్చాయి. ఆ లోపే మీటింగు కుళ్ళాయమ్మ గుమ్మం ముందుకు మారింది. ఎగతాళికి వచ్చిన మగవాళ్ళు ఆమె నోటికి జడిసి ఒక్క నెలలో రావడం మానేశారు. ఆ తర్వాత ఏ షరతు రాసినా ముందు ఆమెకు చదివి వినిపించేదాన్ని. ఆ షరతు వల్ల ఎవరికి సాయం అందదో ఆమె చెప్పేది, నేను కొట్టేసి మళ్ళీ రాసేదాన్ని.

ఉద్యోగం నన్ను పెద్ద ఊళ్ళకు, పై దేశాలకు కూడా తీసుకుపోయింది. వికలాంగులను అభివృద్ధిలో ఎలా కలుపుకోవాలని చల్లటి హాళ్ళలో చర్చలు. వాళ్ళు ముందుకు రారండీ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అప్పుడు నేను లేచి బయటికి పోతాను. మెట్ల కింద, గేటు దగ్గర, వాచ్‌మన్ ఆపేసిన చోట చూస్తాను. చాలాసార్లు అక్కడ ఎవరో ఒకరు పొద్దుటి నుంచీ కూర్చునే ఉంటారు.