నాన్న పక్క సీటు

నాన్న కట్టుడు పళ్లు చేసేవాడు. మా ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద చిన్న దీపం, గులాబీరంగు మైనం రేకులు, వరసగా ఊళ్లోవాళ్ల నోళ్ల అచ్చులు. కాలిన మైనం వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ఆ గదే గుర్తొస్తుంది. వెంట్రుకవాసి తేడా వచ్చినా నాన్న పళ్ల సెట్టును మళ్లీ మొదటినుంచి చేసేవాడు. అంత పనిమంతుడు కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం శుద్ధ అమాయకుడు.

ఆ కారు మూడు చేతులు మారి మా చేతికొచ్చింది. వాన పడితే కదలదు, ఎండ కాస్తే ఉడుకుతుంది, రెండూ లేని రోజున ఊరికే అలుగుతుంది. మేం ఎక్కినదానికన్నా దిగి తోసిందే ఎక్కువ. మెకానిక్ పేరెత్తితే నాన్నకు నామోషీ. "నోరు తెరిచి చూస్తే తెలీని జబ్బుంటుందా?" అంటూ బానెట్ ఎత్తేవాడు. విరిగిన గేరు పిడికి కూడా పళ్ల సెట్లకు వాడే చిగుళ్ల రంగు ముద్దే పోసి అతికించాడు. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు జలదరించేది.

పిన్ని ఉద్యోగం మీద చాలా దూరం వెళ్లిపోతున్న రోజది. స్టేషన్‌కెళ్లి చెల్లెల్ని రైలెక్కించాలని అమ్మ తెల్లారకుండానే తయారైంది. తీరా చూస్తే రేడియేటర్ గొట్టం కారుతోంది. నాన్న చేతికందిన మైనం దానికి నొక్కి, వేలితో నున్నగా దిద్ది, మురిసిపోయాడు. రోజూ దీపం మీద మైనం కరిగించే మనిషికి, ఇంజను వేడెక్కుతుందన్న సంగతి తట్టకపోవడం ఏమిటో! సగం దారిలో మైనం కరిగి, నీళ్లన్నీ రోడ్డుపాలయ్యాయి. మేం పరుగెత్తి చేరేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. అమ్మ మళ్లీ తొమ్మిదేళ్లకు గానీ పిన్నిని చూడలేదు.

"ఇక మీ కారు నేనెక్కను," అంది అమ్మ. అరవలేదు, ఏడవలేదు. ఎక్కలేదు కూడా.

ఎక్కడికైనా బస్సులో వెళ్లేది. ఆ బస్సు వెనకాలే నాన్న ఒక్కడూ కారులో వెళ్లేవాడు. ఆదివారమంతా కారు కింద పడుకుని ఏదో ఒకటి బిగించి, సాయంత్రం చేతులు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడేవాడు.

"ఇప్పుడు గుర్రంలా ఉందే. ఊరికే వీధి చివరిదాకా వెళ్లొద్దామా?"

"పొయ్యి మీద పాలున్నాయి," అనేది అమ్మ.

ఎన్నేళ్లయినా అవే పాలు. పాడు కారుని వదిలించుకోమని నేను నాన్న ప్రాణం తీసేదాన్ని. అమ్మను ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకోవాలన్న ఆశతోనే దాన్ని పట్టుకు వేలాడుతున్నాడని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చివరికి ఇంజను పూర్తిగా చేతులెత్తేసింది. పాత ఇనుము కొనే అతను వచ్చి కారును లారీ వెనక తాడుతో కట్టాడు.

"ఎవరైనా లోపల కూర్చుని స్టీరింగ్ పట్టుకోవాలి సార్," అన్నాడు.

నాన్న ఎక్కి కూర్చున్నాడు. ఆయన మొహంలోకి చూడలేక నేను తాడు వంక చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు అమ్మ వంటింట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. చెప్పులేసుకుంది. నేరుగా వెళ్లి కారు ముందు తలుపు లాగింది. అది అలవాటుగా మొరాయించింది. నాన్న అవతలి సీటు మీదికి వంగి, లోపల్నుంచి గుద్ది తెరిచాడు.

"ఎక్కడికే?" అన్నాడు, నమ్మలేనట్టు.

అమ్మ సర్దుకుని కూర్చుంది. "ఇవాళ లారీ లాగుతోందిగా, దారిలో ఆగదు. పోనివ్వండి."

లారీ కదిలింది. నాన్న నిటారుగా కూర్చుని, తనే నడుపుతున్నంత శ్రద్ధగా, వీధి మలుపులో చెయ్యి బయటపెట్టి సిగ్నల్ ఇచ్చాడు.