దొరసాని బంగ్లాలో రత్నమ్మ పెళ్లి

వరంగల్‌లో ఆ పెంకుటి బంగ్లాను కట్టించింది ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక డాక్టరు దొరసాని. ఆమె తర్వాత అది ఆడవాళ్ల దవాఖాన అయింది, ఆ తర్వాత ఆడపిల్లల హాస్టలు. తల్లీదండ్రీ లేని రత్నమ్మ ఆ హాస్టలుకు చిన్నపిల్లగా వచ్చింది. చదువు అబ్బలేదు. వంటింట్లో కుదురుకుని, ఏటేటా వచ్చే పిల్లలకు వండి పెడుతూ, పేలు చూసి జడలు వేస్తూ అక్కడే యాభై దాటింది. ఆమె పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు.

పిల్లలు తగ్గిపోయి హాస్టలు మూతపడింది. కొన్నేళ్లు బంగ్లా పావురాల పాలైంది. చివరికి దాని సొంతదారులైన చర్చి పెద్దలు పెంకులు మార్పించి, గోడలకు సున్నం వేయించి, ఫంక్షన్‌హాలు చేశారు. వంట మళ్లీ రత్నమ్మకే అప్పగించారు. పిల్లలు పడుకున్న పొడవాటి గదిలో పెళ్లి స్టేజీ చూసి మొదటి రోజు ఆమె మనసు చివుక్కుమంది. సాయంత్రానికి పెళ్లివారి పిల్లలు ఆ గదంతా పరుగులు పెడుతుంటే నవ్వొచ్చింది.

హాల్లో మైకు చూసుకునే దానియేలు నెక్కొండ నుంచి రైల్లో వచ్చేవాడు. భార్య పోయి చాలా కాలమైంది. మైకు పలుకుతుందో లేదో చూడటానికి అతను "రత్నమ్మా, చాయ్ అయిందా" అని అడిగితే ఆ మాట వీధి దాకా వినిపించేది.

ఒక మధ్యాహ్నం, పెళ్లివారు వెళ్లిపోయాక, వరండాలో అన్నం తింటూ అన్నాడు.

"ఈ రైలు తిరుగుడు ఇగ నాతోని అయితలేదు. నువ్వు ఒప్పుకుంటే ఈడనే ఉంట."

"ఈ వయసుల పెండ్లంటే నలుగురు నవ్వరా?"

"నవ్వనియ్యి. పెండ్లింట్ల నవ్వకుంటే ఎట్ల?"

రత్నమ్మ అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. ఆ సాయంత్రమే జెస్సికాకు ఫోన్ చేసింది. హాస్టల్లో పెరిగిన జెస్సికా ఇప్పుడు నర్సు. సంగతి విని కాసేపు ఏడ్చి, తేరుకుని అంది:

"ఫికర్ చెయ్యకు అక్కా. పెండ్లిపెద్దను నేనే."

పెళ్లిరోజున పాత హాస్టలు పిల్లలు మొగుళ్లనూ బిడ్డలనూ వెంటబెట్టుకుని దిగారు. రత్నమ్మను వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆమె స్టేజీ మీద తెల్లచీరలో కూర్చుని, బగారన్నం అడుగంటుతున్న వాసన పట్టి కాసేపు గిలగిల్లాడింది. పాస్టరుగారు సమ్మతి అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పింది.

ఇప్పుడు ఇద్దరూ బంగ్లా వెనక గదుల్లో ఉంటున్నారు. పెళ్లిళ్లు లేని రోజుల్లో స్కూటీ మీద మరిపెడకో పాలకుర్తికో పోయి, ఆ హాస్టలు పిల్లల ఇళ్లలో భోంచేసి వస్తున్నారు.