నాలుగెత్తుల దర్జీ

వీధిలో అందరూ అతన్ని నాలుగెత్తుల దర్జీ అనేవాళ్లు. కుట్టుపనికి వచ్చిన పేరు కాదది, చదరంగానికి వచ్చింది. ఎదుటివాడు కొత్తవాడని పసిగడితే చాలు, శకటునూ మంత్రినీ దూకించి, రాజు పక్క బంటును లేపేసి, నాలుగో ఎత్తుకే ఆట కట్టించేవాడు. ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లను కూడా వదిలితేగా! గెలిచి, తొడ చరిచి, టీ ఇప్పించుకునేవాడు. అంతకుమించి ఆట రాదు మహానుభావుడికి. ఐదో ఎత్తు దాటితే నీళ్లు నమిలేవాడు.

అతని పప్పులు ఉడకనిది ఒక్క బావ దగ్గరే. బావ అంటే అక్క మొగుడు, అదే షాపులో కటింగ్ మాస్టారు. ఆయన గుడ్డ కత్తిరిస్తే ఇతను కుట్టాలి. ముప్ఫై ఏళ్లుగా మధ్యాహ్నం పూట కటింగ్ బల్ల మీదే ఆట. ఇతను వల పన్నడం, ఆయన తలైనా ఎత్తకుండా గుర్రాన్ని అడ్డం పెట్టడం.

"ముందు నీ బలగాన్ని బయటికి తియ్యరా. చోటు చూసి నిలబెట్టు. గెలుపు దానంతటదే వస్తుంది," అనేవాడు బావ. ఇతను వింటేగా!

మొన్న బావ ఒక చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు. నిన్న టేపు మెడలో వేసుకుని, దానికోసం షాపంతా వెతికాడు. ఇవాళ అక్క వచ్చి గుమ్మంలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మనిషి మనిషిలా లేడురా తమ్ముడూ. డాక్టరు మతిమరుపు జబ్బంటున్నాడు. కత్తెర ఇవ్వొద్దన్నాడు."

"డాక్టరుకేం తెలుసక్కా! బావకి కళ్లు మసకేశాయి, అంతే. మతే పోతే నా ఎత్తుకు దొరకాలిగా? నీ ముందే ఆడతాను, చూడు."

బావను బల్ల ముందు కూర్చోబెట్టి, గుడ్డలు పక్కకు నెట్టి బలగం పేర్చాడు. రాజు ముందు బంటును జరిపి శకటును తీశాడు, తర్వాత మంత్రిని. తన వల తెగిపోవాలని జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు. బావ చెయ్యి గుర్రం మీదికొచ్చింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ చెయ్యి గుర్రాన్ని కాసేపు తడిమి, వదిలేసి, అంచునున్న బంటును ఒక గడి ముందుకు జరిపింది.

దర్జీ ఇంకేదైనా ఎత్తు వేసి తప్పించేద్దామా అనుకున్నాడు. కానీ ముప్ఫై ఏళ్లుగా ఆ ఆట చూసిన అక్క అతని చేతినే చూస్తోంది. మంత్రితో రాజు పక్క బంటును లేపేశాడు.

"ఆట కట్టు బావా," అన్నాడు.

బావ ముఖమంతా వెలిగిపోయింది. "భలే కొట్టావే! ఎవరు నేర్పార్రా నీకిది?"

అక్క గోడవైపు తిరిగింది. బావ మీద అతనికదే మొదటి గెలుపు. ఇలాంటి గెలుపు పగవాడికి కూడా వద్దు. దర్జీ లేచి, కత్తెర సొరుగులో పెట్టి తాళం వేశాడు. మళ్లీ కూర్చుని బలగం పేర్చాడు.

"నేను నేర్పుతాను బావా. ముందు గుర్రాన్ని బయటికి తియ్యి. చోటు చూసి నిలబెట్టు."

బావ గుర్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అతని వైపు చూశాడు.

"ఎక్కడరా?"