అల్లం సీసా

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో, మండుటెండలో, నా ఒళ్లో అల్లం తోడు సీసా ఉంది. అల్లం సోడా చేసుకోవడానికి అల్లం తురుము, చక్కెర, నీళ్లు కలిపి ఇంట్లోనే పులియబెట్టాను. ఒలుకుతుందని మూత గట్టిగా బిగించాను. నా కూతురు దానికి చెంప ఆనించి నిద్రపోతోంది.

సీసా మూత దగ్గర సన్నగా బుసమంటుంటే, పక్కన నల్లద్దాలు పెట్టుకున్న పెద్దామె చెవులు రిక్కించింది. పాప తలను పక్కకు తోసి, సీసా లాక్కుని, తన మూటలోని కొత్త నేత చీరలో చుట్టి, కిటికీ బయటపెట్టి మూత తిప్పింది. తుపాకీ పేలినట్టు మోగింది. చీరంతా నురగ.

"ఏం పనమ్మా ఇది!" అని అరిచాను.

"పులిసేదానికి గుడ్డ కట్టల్ల గానీ మూత బిగిస్తారామ్మా?" అంటూ ఆమె అద్దాలు తీసింది. "నా కన్ను ఇట్లే పోయినాది."

ఎడమ కన్ను ఉండాల్సిన చోట గుంట ఉంది.

పాప మళ్లీ నా ఒళ్లో తల పెట్టుకుంది. దాని కళ్ల మీద వేసిన చెయ్యి ఎమ్మిగనూరు వచ్చేదాకా తియ్యలేకపోయాను.