రాతిపొడి వీధిలో బీరపాదు

నంద్యాలలో ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక, మా చర్చి వెనక ముళ్లకంపలు పెరిగిన జాగాను నాలాంటి మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి బాగుచేశాను. ఎండాకాలంలో నెర్రెలిచ్చే నల్లరేగడి అది. దాని మీద ఎండుటాకులు మందంగా పరిచి, వంటింటి చెత్తను మాగబెట్టి ఎరువు చేసి, కొద్దిపాటి నీళ్లతోనే ఆకుకూరలు పండించాం. ఆదివారం ప్రార్థన అయ్యాక చూడవచ్చినవాళ్లకు ఎలా చేశామో చెప్పేవాళ్లం. ఎవరైనా పిలిస్తే వాళ్లింటికి వెళ్లి దగ్గరుండి చేయించేవాళ్లం.

అలా పిలిచినవాళ్లలో ఆళ్లగడ్డ ఆమె ఒకరు. చర్చి పక్క వీధిలో ఉన్న చెల్లెలింటికి వచ్చి మా మడులు చూసింది. ఆమె భర్త శిల్పి. ఇంటి పక్కనే పందిరి కింద విగ్రహాలు చెక్కుతాడు. మేము బస్సు దిగి ఆ వీధిలోకి వెళ్లేసరికి గ్రైండరు మోత, గాలి నిండా రాతిపొడి. వాకిలి, కిటికీలు, ఆరేసిన బట్టలు అన్నీ బూడిదరంగు. పెరట్లో తవ్వితే మట్టికన్నా రాతిపెంకులే ఎక్కువ తగిలాయి.

అయినా మొదలుపెట్టాం. పాత బియ్యం సంచుల్లో మట్టీ పేడఎరువూ నింపి టమాటా, మిరప నారు నాటించాం. కొన్నాళ్లకు వెళ్లి చూస్తే ఆకుల మీద పొడి పేరుకుని మొక్కలన్నీ చచ్చిపోయి ఉన్నాయి.

ఆమె మమ్మల్ని లోపలికి పిలిచింది. టీ ఇచ్చి పక్కన కూర్చుంది.

"ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఈ దుమ్ముతోనే ఏగుతాండా అక్కా. తినే అన్నంలో కూడా ఇదే. కండ్ల ముందర ఒక్క పచ్చని చెట్టుంటే సాలనుకున్యా."

నంద్యాలలో కుదిరిన పద్ధతి ఇక్కడ కుదరదని తేలిపోయింది. ముందు దుమ్మును ఆపాలి. పందిరికి ఇంటివైపు గోనెపట్టలు వేలాడదీసి తడుపుతుంటే పొడి చాలావరకు వాటికే అంటుకుంటుందని మాలో ఒకామె అంది. ఆ మాట శిల్పికి చెప్పడానికి ముగ్గురం మొహమాటపడుతూనే వెళ్లాం. ఆయన మిషను ఆపి విన్నాడు. తర్వాత పెరట్లోకి వచ్చి ఆ సంచులను ఒక్కొక్కటే చూశాడు.

"అన్నీ సచ్చిపోయినాయా?" అని భార్యను అడిగాడు.

ఆమె తలూపింది.

"మీరు పోయి రాండక్కా. నేను కడతా" అన్నాడు మాతో.

మళ్లీ వెళ్లేసరికి పట్టలు రెండు వరసలుగా కట్టి, పైన చిల్లుల పైపు కూడా అమర్చాడు. కారిన నీళ్లు ఒక గుంటలో తేరుకున్నాక మొక్కలకు పోయేలా కాలువ తీశాడు. ఈసారి పట్టల వెంబడి అవిశె మొక్కలు, లోపలివైపు గోగాకు, బీర వేయించాం. వానలు పడ్డాయి. బీరపాదు వంటింటి కిటికీ మీదుగా మిద్దెకెక్కింది.

ఒకరోజు శిల్పి భార్య ఫోన్ చేసి ఊరికే రమ్మంది. వెళితే పెరట్లో ఆ వీధి ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎరువు ఎలా మాగాలో ఆమె చేత్తో తీసి చూపిస్తోంది. మన వీధిలో మొక్కలు యాడ పెరుగుతాయని ఒకామె అడిగితే, "ముందు పట్టలు కట్టియ్యి. మొక్కల సంగతి ఆమైన సూద్దాం" అంది. మేము వెనక కూర్చుని విన్నాం. మేము చెప్పాల్సిందేమీ మిగల్లేదు. అంత సంతోషం నాకు ఈ మధ్యకాలంలో కలగలేదు.

అందరూ వెళ్లాక నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. ఎప్పుడూ మూసి ఉండే కిటికీ తెరిచి ఉంది.

"దుమ్ముకు అడ్డం ఏదన్నా కట్టమని ఇన్నేండ్లు నేను అడిగితే నవ్వి ఊరుకున్యాడక్కా. మొక్కల కోసం కట్టినాడు" అంది. ఆ మాట పందిరి కిందికి వినబడే ఉంటుంది. ఆయన రాయి మీద నుంచి తలెత్తలేదు గానీ నవ్వుతున్నాడు.

ఇప్పుడు ఆ వీధిలో చాలా ఇళ్లకు తడి పట్టలున్నాయి. మొన్న ఉయ్యాలవాడ దగ్గరి పల్లె నుంచి పిలుపొస్తే ఆమెను కూడా తీసుకెళ్లాను. ఆటోలో దారిపొడుగునా ఏం మాట్లాడాలని అడుగుతూనే ఉంది. నీకు జరిగిందే చెప్పమన్నాను. ఆటో దిగి, విత్తనాల మూట సర్దుకుని, నాకన్నా ముందే నడిచింది.